ఈసారి ఉత్తరాలన్నీ బొగ్గు దుమ్ము మీదనే

పోయిన నెల ఒకాయన "మిద్దె మీద అప్పడాలు ఆరబెడితే సాయంత్రానికి నల్లగ అయితున్నయి, ఇవి తినొచ్చా" అని రెండు లైన్లు రాసి పంపితే సరదాగనే అచ్చేసినం. ఇగ అక్కడ మొదలైంది, వచ్చిన ఉత్తరాల్ల సగానికి సగం దుమ్ము గురించే. నేను డాక్టర్ని కాను, సైంటిస్టును అసలే కాను, సర్దార్‌గ చేరి ఓవర్‌మాన్‌గ దిగిపోయిన మనిషిని (రెండూ గనిల కార్మికుల పని చూసుకునే కొలువులు), బాయిల (భూమి లోపలి గనిల) కొన్నేండ్లు, ఓపెన్ కాస్టుల (పైనుంచి తవ్వే గనిల) కొన్నేండ్లు, చివర్ల మోకాళ్లు సహకరించక కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటుల కొన్నేండ్లు, అంటే మూడు రకాల దుమ్ము తిన్న. తెలిసింది చెప్త. రాసినోళ్ల పేర్లు, గని పేర్లు, కంపెనీ పేర్లు వెయ్యట్లేదు, ఎందుకో మీకు తెలుసు.

డంపర్ ఆపరేటర్, ఓపెన్ కాస్ట్

ప్రశ్న: అన్నా, మా హాల్ రోడ్డు (గనిల డంపర్లు తిరిగే రోడ్డు) మీద వాటర్ ట్యాంకర్ తిరుగుతనే ఉంటది. అయినా ఎండాకాలం నీళ్లు కొట్టిన పావుగంటకే మళ్ల ముందు బండి కనబడదు. ట్యాంకర్లు డబల్ చేస్తే అయిపోతది కదా, ఎందుకు చెయ్యరు?

జవాబు: తమ్ముడూ, డబల్ చేస్తే డీజిల్ డబల్ అయితది గానీ దుమ్ము సగం కాదు. మన దిక్కు మే నెలల 44, 45 డిగ్రీల ఎండకు రోడ్డు మీద నీళ్లు ఎంతసేపు నిలుస్తయి చెప్పు. పైగా నీళ్లు ఎక్కువైతే ఇంకో తిప్పలు, వంద టన్నుల డంపర్ దిగుడు మీద బ్రేక్ కొడితే జారుతది, ఇది నీకు నేను చెప్పాల్సిన పని లేదు. అందుకే వాలు ఉన్నకాడ రోడ్డు మొత్తం తడపకుండ కొంత తడిపి కొంత పొడిగ ఇడిసిపెట్టుకుంట పోవాలె. ఇంకోటి, నీళ్లు ఎక్కువైనకాడ బురద అయితది, ఆ బురద టైర్లకు అంటుకుని అవతల ఎక్కడనో పడి ఎండుతది, ఎండినదాని మీదికెళ్లి మళ్ల బండ్లు పోతే మెత్తటి పిండి అయితది, రేపటి దుమ్మును ఇయ్యాల మనమే తయారు చేసుకున్నట్టు.

గడబడ అంతా రోడ్డుల ఉంది, ట్యాంకర్ల లేదు. గ్రేడర్ పెట్టి ఆ మెత్తటి పొరను గీకి తీసెయ్యాలె, పైన గట్టి కంకర వెయ్యాలె, బండ్ల నుంచి కారిపడ్డ పెళ్లలను నలగకముందే ఎత్తాలె, లోడు అంచులు దాటకుండ నింపాలె. స్పీడ్ తగ్గిస్తే దుమ్ము బాగనే తగ్గుతది, కానీ ట్రిప్పులు తగ్గుతయని ఆ మాట ఎవలూ ఎత్తరు. కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ అని ఉప్పులుంటయి, అవి నీళ్లల్ల కలిపి కొడితే గాలిల తేమను గుంజుకుని రోడ్డును తడిగ పట్టుకుంటయి. మంచివే, కాకపోతే వడగాలి రోజుల్ల గాలిలనే తేమ లేకుంటే అవి ఏం గుంజుతయి? గట్టి వాన పడితే కొట్టుకపోతయి కూడా. చలికాలంల వాడితే పెట్టిన పైసలకు ఫలితం కనబడ్తది.

నీకు గట్టిగ చెప్పాల్సింది వేరే ఉంది. నువ్వు మోసేది బొగ్గు కంటే ఓబీ మట్టే (బొగ్గు పొర మీద ఉండే మట్టి, రాయి) ఎక్కువ, ఆ మట్టిల ఎక్కువ భాగం ఇసుకరాయి, ఇసుకరాయిల ఉండేది సిలికా, ఊపిరితిత్తులకు బొగ్గు పొడి కంటే సిలికా చాలా చెడ్డది. అమెరికాల వర్జీనియా దిక్కు ఉన్న మూడే మూడు క్లినిక్‌లల్ల 2013 నుంచి 2017 దాకా 416 మంది గని కార్మికులకు దుమ్ముతోని వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, అండ్ల ముదిరిపోయిన రకం, దొరికింది, నియోష్ అనే అక్కడి సర్కారు సంస్థ 2018ల ఆ లెక్క బయటపెట్టింది. అక్కడ మందపు బొగ్గు పొరలు అయిపోయి, సన్నపు పొరల కోసం బొగ్గుతోని పాటు రాయిని కూడా కోసుడు ఎక్కువైంది, దాని ఫలితమే ఇది అని చెప్తున్నరు. కాబట్టి బొగ్గు రోడ్డు నల్లదుమ్ముకు ఎంత భయపడ్తవో డంప్ యార్డు తెల్లదుమ్ముకు అంతకంటే ఎక్కువ భయపడు. క్యాబిన్ అద్దాలు ఎత్తుకో. ఏసీ నడవకపోతే బ్రేక్‌డౌన్ రాయించు, అది సుఖానికి పెట్టింది కాదు. డోర్ రబ్బరు చిరిగి ఉంటే, ఫిల్టర్ మార్చి ఏడాది అయితే ఏసీ ఉన్నా లేనట్టే.

బాయిల పనిచేసే కార్మికుడు

ప్రశ్న: షిఫ్ట్ దిగి వచ్చినంక దగ్గితే నల్ల తెమడ పడ్తంది. భయపడాల్నా?

జవాబు: బయటికి పడ్డదానికి భయం లేదు, ముక్కు, గొంతు వాటి పని అవి చేస్తున్నయి అన్నట్టు. డ్యూటీ బంద్ ఉన్న రోజుల్ల కూడా, వారం పది రోజులైనా నల్లగనే పడ్తే మాత్రం డాక్టర్‌కు చూపియ్యి. తిప్పలంతా బయటికి రాని దానితోని. 5 మైక్రాన్లు అంతకంటే తక్కువున్న రేణువు అంటే మన వెంట్రుక మందంల పదో వంతు కూడా ఉండదు, కండ్లకు కనబడదు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతది. 5 మైక్రాన్ల రేణువు మనిషి ఎత్తు నుంచి నేలకు దిగాలంటే గాలి అసలే కదలకపోయినా దగ్గర దగ్గర అర్ధగంట పడ్తది, 1 మైక్రాన్‌దైతే ఒక షిఫ్ట్ మొత్తం అయిపోయినా కిందికి రాదు. "దుమ్ము సల్లబడ్డది, ఇగ లోపలికి పోవచ్చు" అంటం కదా, సల్లబడ్డది కనబడేది మాత్రమే. బ్లాస్టింగ్ అయినంక ఆ పొగా దుమ్మూ రిటర్న్‌కు (వాడిన గాలి గని బయటికి పోయే దారికి) పోయేదాకా ఆగమనేది అందుకే.

మైనింగ్ డిప్లొమా చదివి ఓవర్‌మాన్ పరీక్షకు తయారవుతున్న అబ్బాయి

ప్రశ్న: సార్, నేను ట్రైనింగ్ చేసిన బావి ఫస్ట్ డిగ్రీ, గ్యాస్ (మీథేన్) దాదాపు లేనట్టే అంటారు. అయినా గ్యాలరీల్లో (గని లోపలి దారుల్లో) స్టోన్ డస్ట్, అంటే రాయి పొడి, చల్లుతారు. దుమ్ము తగ్గించాల్సిన చోట ఇంకో దుమ్ము చల్లడం ఏంటి సార్? పుస్తకంలో ఉంది కానీ మనసుకి ఎక్కడం లేదు.

జవాబు: మంచి ప్రశ్న, నేను కూడా చేరిన కొత్తల ఇదే అడిగి మా పాత ఓవర్‌మాన్ దగ్గర తిట్లు తిన్న. ఫస్ట్ డిగ్రీ అంటే నీకు తెలుసు, టన్ను బొగ్గుకు 1 క్యూబిక్ మీటర్ కంటే తక్కువ గ్యాస్ వెళ్లేది. తక్కువ అన్నరు గానీ లేదు అనలేదు, ఇది మొదటి మాట. రెండో మాట, పేలుడుకు మీథేన్ అగ్గిపుల్ల అయితే చాలు, మిగతా పని బొగ్గు పొడి చూసుకుంటది. ఒక మూల గ్యాస్ అంటుకుంటది, ఆ దెబ్బకు గాలి తోసుకుంట ముందుకు పోతది, పోతుంటే నేల మీద, పక్కల మీద, దూలాల మీద పేరుకున్న మెత్తటి పొడి లేస్తది, వెనకనే మంట వచ్చి దాన్ని అంటిస్తది, అది ఇంకింత గట్టిగ తోస్తది, ఇట్ల కిలోమీటర్ల కొద్దీ ఉరుకుతది. పొడి కుప్పలు కుప్పలుగ ఉండాల్సిన పని లేదు, కాగితం మందం పొర ఉన్నా నడుస్తది.

ఈ సంగతి కొత్తది కూడా కాదు. 1844ల ఇంగ్లాండ్‌ల హాస్‌వెల్ అనే గనిల 95 మంది చచ్చిపోతే విచారణకు మైఖేల్ ఫారడే పోయిండు, మనం బడిల కరెంటు పాఠాల్ల చదువుకున్న ఫారడేనే. బొగ్గు పొడి కూడా మంటకు తోడైంది అని ఆయన, చార్లెస్ లయెల్ కలిసి అప్పుడే రాసిండ్రు. ఎవలు విన్నరు? గ్యాస్ లేకుంటే పొడి ఒక్కటే ఏం చెయ్యదని నమ్మే పెద్ద పెద్ద ఇంజనీర్లు ఫ్రాన్స్‌ల ఉండె. 1906 మార్చి 10న అదే ఫ్రాన్స్‌ల కూరియేర్ గనులల్ల, అవి గ్యాస్ లేని మంచి గనులని పేరున్నవి, 1,099 మంది పోయిండ్రు. 20 రోజుల తర్వాత 13 మంది లోపలి నుంచి నడుచుకుంట బయటికి వచ్చిండ్రు, ఆ కథ వేరే, ఎప్పుడన్న చెప్త. మన దేశంల 1965 మే 28న ధోరీ గనిల 268 మంది. అమెరికాల 2010 ఏప్రిల్ 5న అప్పర్ బిగ్ బ్రాంచ్‌ల 29 మంది, అక్కడ చిన్న మీథేన్ మంట మొదలైంది, స్టోన్ డస్ట్ సరిగ్గ చల్లలేదు కాబట్టి పెద్దదైంది, విచారణల తేలింది అదే.

ఇగ నీ అసలు డౌట్. స్టోన్ డస్ట్ అంటే సున్నపురాయి పొడి, అది కాలదు. పేలుడు గాలికి బొగ్గు పొడితోని పాటు అది కూడా లేస్తది, లేచి మంటల ఉన్న వేడిని గుంజుకుంటది, బొగ్గు రేణువుకు రేణువుకు మధ్యన అడ్డం పడ్తది, మంట ముందుకు పోలేక చస్తది. అమెరికాల అప్పర్ బిగ్ బ్రాంచ్ అయినంక గ్యాలరీల పొడిల కాలని భాగం 80 శాతం ఉండాలని రూల్ గట్టి చేసిండ్రు, అంటే నాలుగు పాళ్లు రాయి, ఒక పాలు బొగ్గు. పరీక్షల అడుగుతరు గుర్తుపెట్టుకో: ఆ పొడిల సిలికా తక్కువ ఉండాలె, లేకపోతే నువ్వన్నట్టే దుమ్ము మీద దుమ్ము. తడిసి గడ్డ కట్టకూడదు, గడ్డ కట్టింది పేలుడు అప్పుడు లేవదు, అంటే ఉండీ లేనట్టే. ఒకసారి చల్లితే అయిపోదు, తెల్లపొర మీద మళ్ల బొగ్గు పొడి పడి నల్లగ అయితది, పేలుడు గాలికి ముందుగ లేచేది ఆ పైపొరనే. అందుకే చల్లే ముందు పాత పొడిని ఊడ్చి ఎత్తెయ్యాలె. మా దగ్గర కొందరు ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు పొద్దున్నే ట్రావెలింగ్ రోడ్డు (మనుషులు నడిచే దారి) పొంటి తెల్లగ చల్లి పెట్టేటోళ్లు, లోపలికి ఇరవై అడుగులు వేస్తే మళ్ల నలుపే. పెండ్లి ఇంటికి వాకిలి మాత్రం అలికినట్టు.

క్రషర్ దగ్గర కాంట్రాక్ట్ పని చేసే ఆయన

ప్రశ్న: అన్నగారూ, మేం క్రషర్ (బొగ్గు నలగ్గొట్టే యంత్రం) దగ్గర, బెల్ట్ మారే చోట చీపురు పట్టి ఊడుస్తాం. స్ప్రేలు ఉన్నాయి కానీ సగం పనిచేయవు. బట్ట మాస్క్ ఇచ్చారు. తడి తువాలు కట్టుకుంటే మంచిదా? షిఫ్ట్ అయ్యాక కంప్రెసర్ గాలితో ఒళ్లు దులుపుకుంటాం, అది పర్లేదా?

జవాబు: చివరిది ముందు చెప్త, అది ఈ రోజు నుంచే బంద్ పెట్టండి. కంప్రెసర్ గాలి కొడితే బట్టల మీద కూర్చున్న పొడి మొత్తం లేచి మీ మొఖం ముందే మబ్బు కడ్తది, ఎనిమిది గంటల్ల పీల్చంది రెండు నిమిషాల్ల పీలుస్తరు. ఆ గాలి చర్మం దెబ్బ తిన్నకాడ లోపలికి దూరితే ప్రాణం మీదికి వస్తది, కంట్ల కొడితే కన్ను పోతది. గుంజే వాక్యూమ్ మిషన్ ఉంటే దానితో తీయించుకోవాలె, లేకుంటే బట్టలు అక్కడనే మార్చుకుని సంచిల కట్టుకపోయి ఇంట్ల వేరేగ నానబెట్టాలె, పిల్లల బట్టలతోని కలపొద్దు.

పొడి చీపురు కూడా అంతే. ముందు కొంచెం తడిపి ఊడ్వాలె, లేదా పార తోని ఎత్తాలె. బెల్ట్ రోలర్ల కింద పొడి పేరుకుంటే రోలర్ తిరగక రాపిడికి వేడెక్కి మంటలు లేస్తయి, కాబట్టి ఎత్తకుండ ఉంచుడు కూడా కుదరదు. నడిచే బెల్ట్ కింద చెయ్యి మాత్రం పెట్టొద్దు.

స్ప్రేల సంగతి, నేను ఆ ప్లాంటుల ఉన్నప్పుడు నా తలనొప్పి మొత్తం అదే. బోరు నీళ్లల్ల సున్నం ఉంటది, నాజిల్ రంధ్రం సన్నగ ఉంటది, నెల తిరగకముందే మూసుకపోతది. లైన్‌ల స్ట్రైనర్ పెట్టి, వారానికోసారి నాజిల్ ఇప్పి కడిగితే చాలు, అయినా ఎవలూ చెయ్యరు ఎందుకంటే ప్రొడక్షన్ ఆగదు కాబట్టి. ఇంకో పొరపాటు, దుమ్ము కనబడ్తే నీళ్లు దబదబ కొడ్తరు. పెద్ద చుక్క వస్తుంటే దాని చుట్టున్న గాలి పక్కకు జరుగుతది, ఆ గాలితోని సన్న రేణువు కూడా పక్క నుంచి జారిపోతది, చుక్కకు తగలదు. రేణువు ఎంత సన్నదో చుక్క కూడా ఇంచుమించు అంత సన్నగ ఉంటేనే రెండూ గుద్దుకుని కిందికి పడ్తయి, డ్రై ఫాగ్ అని కంప్రెసర్ గాలి కలిపి మంచులాగ కొట్టే సిస్టం వచ్చింది అందుకే. దానికి తోడు బొగ్గు నూనె స్వభావం ఉన్నది, నీళ్లు పోస్తే ముత్యాల్లెక్క జారుతయి చూడండి, సబ్బు లాంటి మందు కొంచెం కలిపితే తడుస్తది. ఎక్కువ నీళ్లు కొడితే పవర్ ప్లాంటు వాళ్లు తడి బొగ్గు ఇచ్చిండ్రని గొడవ, కాలేటప్పుడు వేడి సగం ఆ నీళ్లను ఆరబెట్టుడుకే పోతదని వాళ్ల బాధ, కొంత నిజమే.

నీళ్ల కంటే ముందు చూడాల్సింది బొగ్గు ఎంత ఎత్తు నుంచి పడ్తంది అని. బెల్ట్ నుంచి బెల్ట్ మీదికి నిలువునా దుంకితే అది గాలిని కూడా వెంట లాక్కపోతది, కింద తగిలినప్పుడు ఆ గాలి దుమ్ముతోని బయటికి ఎగజిమ్ముతది. చూట్ (బొగ్గు కిందికి జారే దారి) వంపు చేసి జారేటట్టు పెడితే, పక్కల స్కర్ట్ రబ్బర్ చిరగకుండ ఉంటే, ఆ గాలిని బ్యాగ్ ఫిల్టర్ గుంజుకుంటే సగం పని అయిపోతది. మీ చూట్ పక్క రబ్బర్ ఉందా ఊడిందా, ఫిల్టర్ ఫ్యాన్ నడుస్తుందా బంద్ ఉందా, ఈ రెండు సేఫ్టీ కమిటీల అడగండి. కాంట్రాక్ట్ వాళ్లను ఎవలు అడగనిస్తరు అంటరు, తెలుసు, పర్మినెంట్ వాళ్లల్ల ఒక మంచి మనిషితోని అడిగించండి.

బట్ట మాస్క్, తడి తువాలు రెండూ పెద్ద దుమ్మును ఆపుతయి, సన్నది ఆపవు. తువాలు తడిసినకొద్దీ ఊపిరి ఆడక పక్కల నుంచి పీలుస్తరు. ఎన్95 లాంటిది కావాలె, ముక్కు మీద తీగ నొక్కి పక్కల సందు లేకుండ పెట్టుకోవాలె, గడ్డం ఉంటే సరిగ్గ అతకదు.

కోల్‌బెల్ట్ టౌన్ నుంచి ఒక గృహిణి

ప్రశ్న: బాబాయ్ గారూ, మా ఇంటికి కొద్ది దూరంలోనే బొగ్గు లారీల రోడ్డు, దానికవతల సైడింగ్ (బొగ్గు వ్యాగన్లు నింపే రైలు పట్టాలు). రోజుకి రెండుసార్లు తుడిచినా కాలు నల్లగా అంటుకుంటుంది. తులసికోట కూడా నల్లబడింది. పిల్లాడికి దగ్గు. ఎవరికి చెప్పుకోవాలి, ఇంట్లో ఏం చేసుకోవాలి?

జవాబు: అమ్మా, ముందు ఇంట్ల పని. చీపురుతో ఊడ్వకు, తడిగుడ్డతోనే తుడువు. పొద్దున లారీల రద్దీ ఉన్న టైంల ఆ దిక్కు కిటికీలు మూసి, వెనక దిక్కువి తెరువు. మిద్దె మీద పడ్డ తొలకరి వాన నీళ్లు పట్టొద్దు. అప్పడాలు, వడియాలు మీద సన్న నూలు చీర కప్పినా ఇంత పొడి పడ్తనే ఉంటది, ఇంట్లనే ఫ్యాన్ కింద ఆరబెట్టుకో. (పోయిన నెల అప్పడాల ఆయనకు కూడా ఇదే జవాబు, కాల్చుకుని తినండి, అప్పుడు ఎట్లాగూ నల్లగనే అయితయి.) పిల్లగాడికి దగ్గు రెండు వారాలు దాటితే దుమ్ము అని ఊరుకోకుండ చూపియ్యి.

ఎవలకు చెప్పాలె అంటే, వట్టిగ "దుమ్ము వస్తంది" అని రాస్తే పేపర్ కింద పేపర్ పోతది. కాగితం పట్టుకుని అడగాలె. పర్యావరణ అనుమతి ఉన్న ప్రాజెక్ట్ ఆరు నెలలకోసారి షరతులు ఎట్ల పాటిస్తున్నరో రిపోర్ట్ ఇయ్యాలె, అది జనం చూడదగ్గ కాగితం. అండ్ల నీళ్లు కొట్టుడు, లారీలకు టార్పాలిన్ కప్పుడు, టైర్లు కడుగుడు, చెట్లు పెట్టుడు అని షరతులు ఉంటయి, ఏ లారీ కప్పకుండ పోతందో రోజు, టైంతోని ఫోటో తీసి ఆ షరతు నంబర్ వేసి కాలుష్య నియంత్రణ మండలికి రాయి. గాలి లెక్క కూడా అడుగు, ఊర్లల్ల గాలికి 2009ల పెట్టిన జాతీయ ప్రమాణం ప్రకారం పీఎం10 అనే సన్న దుమ్ము 24 గంటల సగటు క్యూబిక్ మీటర్‌కు 100 మైక్రోగ్రాములు దాటొద్దు. మిషన్ ఏ మిద్దె మీద పెట్టి కొలిచిండ్రు అనేది కూడా అడుగు తల్లీ, కొన్నిసార్లు గాలి ఇటు వీస్తుంటే మిషన్ అటు ఉంటది.

సైడింగ్ వ్యాగన్ల మీద పైన కప్పు ఉండదు. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌ల అయితే వ్యాగన్ నింపినంక పైభాగం సమానంగ చేసి, పలచటి పొర కట్టే ద్రవం చల్లి పంపుతరు, దారి పొడుగునా పొడి ఎగురుడు తగ్గుతది. మనకాడ కూడా చెయ్యొచ్చు, మీ వార్డు మీటింగుల అడగండి.

రిటైర్ అయిన కార్మికుని కొడుకు

ప్రశ్న: అంకుల్, నాన్న 31 సంవత్సరాలు అండర్‌గ్రౌండ్‌లో చేశారు. ఇప్పుడు పది మెట్లు ఎక్కితే ఆయాసం. ఎక్స్‌రే చూసి రెండుసార్లు టీబీ మందులు వాడించారు, తగ్గలేదు. సర్వీసులో ఉండగా పీఎంఈలో (కార్మికులకు కొన్నేళ్లకోసారి చేసే ఆరోగ్య పరీక్షలో) అన్నీ నార్మల్ అనే ఇచ్చారు. అంటే దుమ్ము జబ్బు కాదనుకోవచ్చా?

జవాబు: అనుకోవద్దు బాబూ. అప్పట్ల పీఎంఈ ఐదేండ్లకోసారి చేసేటోళ్లు, చివరిదానికి రిటైర్మెంటుకు మధ్యన కొన్నేండ్లు గడిచి ఉండొచ్చు, పైగా ఈ జబ్బు పని మానేసినంక కూడా పెరుగుతది. ఎక్స్‌రే చూసే కన్ను కూడా ముఖ్యం. క్వీన్స్‌లాండ్‌ల బొగ్గు ఊపిరితిత్తుల జబ్బు ముప్పై ఏండ్ల కింద్నే పోయిందని అనుకున్నరు, 2015ల మళ్ల బయటపడ్డది, తీరా చూస్తే పాత ఎక్స్‌రేలల్లనే ఉన్నదాన్ని చాలా మందికి లేదని చదివిండ్రు. దుమ్ము జబ్బు ఎక్స్‌రే చదవడానికి ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) పద్ధతి అని వేరేగ ఉంటది, ఆ ట్రైనింగ్ ఉన్న డాక్టర్ కావాలె.

ఛాతి డాక్టర్ దగ్గరికి తీసుకపోండి, "దగ్గు, ఆయాసం" అని మాత్రం చెప్పి ఊరుకోవద్దు. ఏ ఏండ్లు ఏ పని, డ్రిల్లింగా, కోల్ కటింగా, రిటర్న్ సైడ్ ఎంత కాలం, బీడీ ఎన్నేండ్లు అని ఒక కాగితం మీద రాసుకుని పోండి. సీటీ స్కాన్, ఊపిరి ఊదే పరీక్ష చేపియ్యమని అడగండి. తెమడ పరీక్షల టీబీ క్రిములు దొరికినయా, లేక ఎక్స్‌రే నీడ చూసే మందులు రాసిండ్రా అనేది కూడా అడగండి, రెండు జబ్బుల నీడలు ఒక్కతీరే కనబడుతయి, సిలికా ఉన్నోళ్లకు నిజంగనే టీబీ తొందరగ వస్తది కూడా, కాబట్టి టీబీ కాదని కూడా మీరు తేల్చుకోవద్దు. మచ్చలను మాయం చేసే మందు లేదు, ఆయాసం తగ్గించే మందులు, ఆక్సిజన్, వ్యాయామం ఉన్నయి. బీడీ ఉంటే మానిపియ్యండి. పాత ఎక్స్‌రే ఫిల్ములు, పీఎంఈ కార్డులు పారెయ్యకండి, గని జబ్బుగ తేలితే నష్టపరిహారం అడగడానికి అవే ఆధారం, యూనియన్ ఆఫీసుల పాత మనుషులు దారి చెప్తరు.

ఒక కోల్ ఫిల్లర్ (బొగ్గు నింపే కార్మికుడు) భార్య

ప్రశ్న: అన్నా, రోజూ డ్యూటీ నుంచి రాంగనే ఇంత బెల్లం ముక్క ఇస్త, దుమ్ము కొట్టుకపోతదని మా అత్త చెప్పింది. ఆయనేమో బెల్లం కంటే మందే మంచిగ కడుగుతది అంటడు. ఎవరిది కరెక్ట్?

జవాబు: చెల్లే, మింగింది ఏదైనా కడుపులకు పోతది, ఊపిరితిత్తులకు పోదు. గొంతుల పేరుకున్నది జారుతది, నోరు తడుస్తది, అంతవరకు బెల్లం మంచిదే. లక్నోల ఒక ల్యాబ్ వాళ్లు ఎలుకలకు దుమ్ము ఎక్కించి బెల్లం తినిపిస్తే ఊపిరితిత్తుల్లోంచి రేణువులు కొంచెం ఎక్కువగ బయటికి కదిలినయని 1994ల రాసిండ్రు, అది ఎలుకల సంగతి. మనుషులల్ల తేలినట్టు అనుకోవద్దు. షుగర్ లేకుంటే ఇయ్యి. మీ అత్త మాట సగం నిలబడ్డది, మీ ఆయన మాట అస్సలు నిలబడలేదు, ఈ పేజీ చింపి ఆయన టిఫిన్ డబ్బాల పెట్టు.